తెర మీద లెవెల్ 60, పొయ్యి మీద పొంగిన పాలు

తలకు దెబ్బ తగిలో, పక్షవాతం వచ్చో మెదడు దెబ్బతిన్న పెద్దవాళ్లకు ట్యాబ్ మీదా కంప్యూటర్ మీదా చేయించే ఏకాగ్రత, జ్ఞాపకశక్తి సాధన గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటిని కుదించి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. ఐదు నెలల కిందట బెంజ్ సర్కిల్ దగ్గర బైక్ మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలింది. నాలుగు రోజులు స్పృహ లేదు. ఇప్పుడు నడక, మాట బాగానే ఉన్నాయి. మతిమరుపు తగ్గుతుందని మా తమ్ముడు ఫోన్‌లో బ్రెయిన్ గేమ్ వేసిచ్చాడు. అందులో 60వ లెవెల్‌కి వచ్చారు. కానీ స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం మానలేదు. యాప్ మార్చమంటారా? (పటమట, విజయవాడ)

జవాబు: యాప్ మార్చినా పాలు పొంగుతూనే ఉంటాయమ్మా. ఆటలో ఏ పని ఎప్పుడు చేయాలో తెరే పిలిచి చెబుతుంది. బొమ్మ వెలుగుతుంది, మోత వస్తుంది, వేలు కదులుతుంది. స్టవ్ అలా పిలవదు. పాలు పెట్టి హాల్లోకి వచ్చి పేపర్ తీశాక, ‘మళ్లీ లోపలికి వెళ్లాలి’ అన్న సంగతి ఎవరూ అందించకుండా తనంతట తనకే తట్టాలి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో, ముఖ్యంగా నుదుటి వెనక భాగం దెబ్బతిన్నవాళ్లలో, ఎక్కువగా పోయేది ఈ తట్టడమే. ఆ ఆటలో దానికి సాధన లేదు.

ఆటలో పెరిగిన నేర్పు ఆటలోనే ఉండిపోతుందన్నది కొత్త మాట కాదు. బ్రిటన్‌లో బీబీసీ ద్వారా 11,430 మంది ఆరోగ్యవంతుల చేత ఆరు వారాలు ఇలాంటి ఆటలు ఆడించి చూశారు. ఫలితాలు 2010లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. ఆడిన ఆటల్లో అందరూ మెరుగయ్యారు, ఆడనివాటిలో కాలేదు. తమ ఆటలు తల దెబ్బలకూ పక్షవాతానికీ కూడా పనిచేస్తాయన్నట్టు ప్రచారం చేసుకున్న లూమోసిటీ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ కేసు పెడితే, 2016 జనవరిలో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. తల దెబ్బల పునరావాసం మీద అంతర్జాతీయ నిపుణులు 2014లో వెలువరించి 2023లో సవరించిన ‘ఇంకాగ్’ సూచనల్లోనూ ఇదే ఉంది. రోజువారీ పనులతో సంబంధం లేని కంప్యూటర్ అభ్యాసాలను ఊరికే పదేపదే చేయించడం మీద ఆధారపడొద్దన్నారు. నిపుణుడు పక్కన ఉండి, ఎలా చేయాలో పద్ధతి నేర్పుతూ చేయించే సాధనకు మాత్రం విలువ ఉంది.

అంచేత ఆటను రోజుకు 20 నిమిషాలకు కుదించి, మిగిలిన ఓపికను వంటింట్లో పెట్టండి. మొదటి వారం ఏమీ సరిదిద్దకుండా, ఎన్నిసార్లు స్టవ్ పెట్టారో, ఎన్నిసార్లు మర్చిపోయారో గీతలు గీసి లెక్క రాయండి (మీరు అక్కడే ఉండి, గ్యాస్ ప్రమాదం రాకుండా చూసుకుంటూ). రెండో వారం నుంచి ఒక కిచెన్ టైమర్‌ని తాడు కట్టి ఆయన మెడలో వేయండి. స్టవ్ పక్కన పెడితే ఆయన హాల్లో ఉన్నప్పుడు అది అక్కడే మోగి ఆగిపోతుంది. వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి: గిన్నె పెట్టడం, టైమర్ తిప్పడం, ‘పాలు పెట్టాను’ అని పైకి అనడం, ఆ తరవాతే స్టవ్ వెలిగించడం. టైమర్ తిప్పకుండా లైటర్ ముట్టుకోవడం ఉండకూడదు. మొదట్లో మీరు పక్కన నిలబడి, తప్పు జరగబోయే ముందే అందించండి. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లు తప్పు చేసి నేర్చుకోలేరు, చేసిన తప్పే వాళ్లకు అలవాటైపోతుంది. వరసగా ఐదు రోజులు అందించకుండా చేస్తే రెండడుగులు వెనక్కి జరగండి, తరవాత గుమ్మం దగ్గరికి, ఆ తరవాత హాల్లోకి.

ఫోన్ అలారం వాడితే ఉత్త మోత పెట్టకండి. అది మోగిందని ఆపేస్తారు గానీ ఎందుకు మోగిందో గుర్తుండదు. ‘స్టవ్ మీద పాలు’ అని మీ గొంతుతో రికార్డు చేసి పెట్టండి. ఇలా బయటి వస్తువు మీద ఆధారపడితే మెదడు బద్ధకిస్తుందని కొందరు అంటారు, పట్టించుకోవద్దు. ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం మెదడు దెబ్బతిన్న 143 మందికి పేజర్‌తో పనులు గుర్తుచేసి చూసింది. 2001లో వచ్చిన ఆ ఫలితాల్లో, చివరిదాకా ఉన్నవాళ్లలో 80 శాతానికి పైగా తమ పనులు మునుపటికన్నా బాగా చేసుకోగలిగారు.

ప్రశ్న: నాన్నగారికి 61. తలకు ఆపరేషన్ అయి ఏడు నెలలు. ట్యాబ్ మీద ఏకాగ్రత ఎక్సర్‌సైజులు రోజూ చేయించమన్నారు. నేను ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రి 8 నుంచి 10 దాకా కూర్చోబెడుతున్నాను. మొదట్లో బాగా చేసేవారు. ఈమధ్య స్కోరు పడిపోతోంది, తలనొప్పి అంటున్నారు. మొన్న ట్యాబ్ విసిరేశారు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ముందు ఒక జాగ్రత్త. తలకు దెబ్బ తగిలిన పెద్దవయసువాళ్లు బాగుపడుతూ ఉండి మళ్లీ వెనక్కి పోతుంటే, దాంతోపాటు తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, పగటి మగత, నడక తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి ఉంటే అది ట్యాబ్ సమస్య కాదు. లోపల రక్తం చేరడమో నీరు చేరడమో కావచ్చు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి వెంటనే చూపించండి.

అవేవీ లేకపోతే గడియారం చూడండి. రాత్రి ఎనిమిదికి ఆయన మెదడు రోజంతా పనిచేసి అలిసిపోయి ఉంటుంది. దాన్ని ఇంకో రెండు గంటలు తోలుతున్నారు! పొద్దున టిఫిన్, మందులు అయ్యాక 9కీ 11కీ మధ్య చేయించండి. ఎండాకాలంలో ఇంకా ముందుకు జరపండి. మన మే నెలలో పదిన్నర దాటాక ఆరోగ్యవంతుడికే మనసు నిలవదు. మీకు పొద్దున కుదరకపోతే అమ్మగారికి నేర్పండి. సెలవురోజు మీరు చూస్తే చాలు.

విశ్రాంతి కాక, పని మొత్తం 20 నిమిషాలు: పది నిమిషాల పని, ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని విశ్రాంతి, మళ్లీ పది. వారానికి ఐదు రోజులు. ఆరు వారాలకు అసలు పని పది గంటలవుతుంది. తక్కువనిపిస్తుంది గానీ, అలసటలో చేసిన నలభై గంటలకన్నా అదే నయం.

ఫోన్ వద్దు, పదంగుళాల ట్యాబ్ వాడండి. చూపుడు వేలు చిన్న బొమ్మ మీద సరిగా పడక వచ్చిన తప్పు మెదడు తప్పుగా నమోదవుతుంది. ఎప్పుడూ అదే ట్యాబ్, అదే చేయి. పరికరం మారితే తాకిన క్షణానికీ తెర స్పందించే క్షణానికీ మధ్య తేడా మారుతుంది, వేగం లెక్కలు పనికిరావు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా మోతను ఆలస్యం చేస్తుంది, వద్దు. నోటిఫికేషన్లు ఆపేయండి. చదివే కళ్లద్దాలు పెట్టుకున్నారో లేదో చూడండి. ఇది మరీ చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ‘ఏకాగ్రత లేదు’ అని తెచ్చినవాళ్లలో కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్లు ఉంటారు.

లెవెల్ పెంచే అధికారం యాప్‌కి ఇవ్వకండి, ఆపే వీలుంటే ఆపేయండి. 20 ప్రశ్నల్లో 16 దాకా సరిగా వస్తుంటే అది సరైన మెట్టు. వరసగా మూడు రోజులు 18 దాటితే ఒక మెట్టు ఎక్కించండి. 13కి తగ్గితే అదే రోజు ఒక మెట్టు దించండి. మధ్యలో ఉంటే కదపొద్దు.

నోట్‌బుక్‌లో తేదీ, సమయం, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, మొదలుపెట్టే ముందు అలసట పదికి ఎంత, అయ్యాక ఎంత, ఇవన్నీ రాయండి. అలసట మూడుకన్నా ఎక్కువ పెరిగితే మర్నాడు ఐదు నిమిషాలు తగ్గించండి. మొదలుపెట్టే ముందు ‘ఇరవైలో ఎన్ని కరెక్టు చేస్తారు నాన్నా?’ అని అడిగి ఆ అంకె కూడా వేయండి. మొదట్లో ‘ఇరవైకి ఇరవై’ అంటారు, పన్నెండు వస్తాయి. మీరు ఏమీ అనక్కర్లేదు, రెండంకెలూ పక్కపక్కన చూపించండి చాలు. ఆ రెండూ దగ్గరపడటం స్కోరు పెరగడంకన్నా మంచి గుర్తు. తన లోటు తనకు తెలిసినవాడే జాగ్రత్త పడతాడు.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పులు ఎక్కడ వస్తున్నాయో చూడటం. మొదటి నాలుగైదు ప్రశ్నల్లోనే వస్తే ఏం చేయాలో అర్థం కాలేదన్నమాట. నియమాన్ని ఆయన నోటితో చెప్పించి మొదలుపెట్టండి. చివర్లో వస్తే అలసట. నొక్కాల్సినచోట నొక్కకపోతే ధ్యాస జారింది. నొక్కకూడని చోట నొక్కితే తొందరపాటు. ప్రతి ప్రశ్నకూ చేయి ఒళ్లో పెట్టుకుని, చూసి, అప్పుడే చేయి ఎత్తమనండి. ఆ చేయి ఒళ్లోంచి తెర దాకా వచ్చేలోపే సగం తప్పులు ఆగిపోతాయి. ఎప్పుడూ ఎడమవైపు బొమ్మలే తప్పుతుంటే కింద తెనాలి వారికి ఇచ్చిన జవాబు చదవండి.

చిరాకు పడుతున్నట్టు దవడ బిగిసినా, కుర్చీలో కదులుతున్నా ట్యాబ్ మూసేయండి. ‘ఇంకొక్కటే’ అనొద్దు.

ప్రశ్న: మా మామయ్యగారు ఏడో తరగతి దాకా చదివారు, ఇంగ్లిష్ రాదు. యాప్‌లన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. ఏం చేయించాలి? (పొన్నూరు)

జవాబు: ఇంగ్లిష్ అక్షరాలతో చేయిస్తే అక్షరం పోల్చుకోవడానికే ఓపికంతా పోతుంది. అంకెలు, బొమ్మలు, రంగులు ఉన్నవి మాత్రమే ఎంచుకోండి. అంతకన్నా తేలిక, తెలుగు దినపత్రిక. ఒక కాలమ్‌లో పది లైన్లు గీసిచ్చి, ‘వ’ అక్షరం కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో కొట్టేయమనండి. ‘వ’ పక్కనే ‘ప’, ‘మ’, ‘ష’ తగులుతుంటాయి గనక చూపుకు గట్టి పని. ముందే మీరు లెక్కపెట్టి ఉంచుకోండి: ఎన్ని ఉన్నాయి, ఎన్ని వదిలారు, ఎన్ని పొరపాటున కొట్టారు, ఎన్ని నిమిషాలు పట్టింది. గుణింతం ఉన్న ‘వి’, ‘వు’ లెక్కలోకి వస్తాయో రావో ముందే తేల్చుకోండి, లేకపోతే రోజూ అక్కడే గొడవ. అది తేలికయ్యాక రెండు అక్షరాలు ఇవ్వండి. తరవాత రేడియో పెట్టి చేయించండి.

పేకముక్కలు ఇంకో మంచి సాధనం. ఒక్కో ముక్కా తిప్పుతూ, దీన్నీ దీని ముందుదాన్నీ కూడి చెప్పమనండి: 4, 7 వస్తే 11, తరవాత 3 వస్తే 7కు 3 కలిపి 10. తాను చెప్పిన 11కి 3 కలపడం అందరూ చేసే తప్పు. మూడు సెకన్లకు ఒక ముక్కతో మొదలుపెట్టండి.

ప్రశ్న: అత్తయ్యకు కుడి మెదడులో పక్షవాతం. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేసి ‘ఇంకొంచెం పెట్టు’ అంటుంది. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. దీనికి కంప్యూటర్ సాధన ఉందా? (తెనాలి)

జవాబు: ఉంది. ముందు రెంటిలో ఏదో తేల్చుకోవాలి. ఎడమవైపు చూపే పోయినవాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది, తల తిప్పి వెతుక్కుంటారు. ఎడమవైపు ధ్యాస పోయినవాళ్లకు ఆ వైపు ఒకటి ఉందనే తట్టదు. మీ అత్తగారిది రెండోదిలా ఉంది. 20 సెంటీమీటర్ల గీత గీసి మధ్యలో గుర్తు పెట్టమనండి. గుర్తు బాగా కుడికి జరిగితే అదే. (రెండూ కలిసి ఉండటమూ మామూలే. కంటి డాక్టరు చేత చూపు పరిధి పరీక్ష చేయించండి.)

సాధన అంటే ఎడమకు తల తిప్పి వెతకడాన్ని అలవాటు చేయడం. ట్యాబ్ చిన్నది, తల తిప్పకుండానే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి, తెర మధ్యకు ఎదురుగా, దగ్గరగా కూర్చోబెట్టండి. తెర ఎడమ అంచున పైనుంచి కిందకు ఎర్ర టేపు అంటించండి. ‘ఎర్రది కనిపించిందా?’ అని అడిగి, కనిపించాకే వెతుకులాట మొదలు. ప్రతి వరసకూ అంతే. కుదిరితే వెతికేటప్పుడు ఎడమచేతి వేళ్లు ఒళ్లో కాస్త కదుపుతూ ఉండమనండి, దానివల్ల ధ్యాస అటు లాగుతుంది.

అదే ఎర్ర టేపు కంచం ఎడమ అంచుకూ అంటించండి, వారపత్రిక చదివేటప్పుడు పేజీ ఎడమ అంచుకూ పెట్టండి. సాధన ఇంట్లోకి రావడమంటే ఇదే. కంచం మీరే తిప్పిపెడితే అన్నం అయిపోతుంది గానీ ఆవిడ నేర్చుకునేదేమీ ఉండదు.

రోడ్డు విషయంలో మాత్రం తొందరపడొద్దు. మన రోడ్డు దాటేటప్పుడు మొదటి సగంలో బళ్లు కుడినుంచి వస్తాయి, ఆవిడ చూస్తారు. డివైడర్ దాటాక ఎడమనుంచి వస్తాయి. మొదటి సగం చక్కగా దాటారు కదా అని చేయి వదిలేస్తే ప్రమాదం అక్కడే.

ప్రశ్న: నాకు 29. మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాని. తల దెబ్బ తగిలి తొమ్మిది నెలలు. ట్యాబ్ పరీక్షల్లో నార్మల్ అన్నారు. పనిలోకి వెళ్తే మాత్రం ఎవరైనా పలకరించగానే అంకెలు తారుమారు. (గుంటూరు)

జవాబు: నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకే పని చేస్తూ నార్మల్ వచ్చారు. కొట్లో ఒకపక్క హమాలీ కేక, ఒకపక్క రైతు ప్రశ్న, చేతిలో తక్‌పట్టీ (సరుకు తూకం, ధర, మొత్తం రాసే చీటీ). మీ సాధన తక్‌పట్టీతోనే జరగాలి.

పాతవి పది తీసుకోండి, మొత్తాలు కాగితంతో మూసేసి మళ్లీ వేయండి. 12 టిక్కీలు (మిర్చి బస్తాలు), 516 కిలోలు, క్వింటాల్ 14,500 అయితే 74,820 రావాలి. 78,420 అని రాశారంటే లెక్క వచ్చు, అంకెలు రాసేటప్పుడు ధ్యాస జారింది. రెండు రకాల తప్పులూ విడివిడిగా గుర్తుపెట్టండి. పదికి తొమ్మిది సరిగా వచ్చేదాకా నిశ్శబ్దంలో చేయండి, తరవాత టీవీ పెట్టుకుని, ఆ తరవాత ఇంట్లోవాళ్లను మధ్యలో రెండుమూడు సార్లు ఏదో అడగమని చెప్పి.

అడిగినప్పుడు చేయాల్సినది ఒకటే: వేలు వరస మీద పెట్టి, ‘ఒక్క నిమిషం, ఈ పట్టీ అయ్యాక చెప్తా’ అనడం. తప్పనిసరిగా లేవాల్సి వస్తే ఆగినచోట పెన్సిల్‌తో చుక్క. వరస కింద స్కేలు పెట్టుకోండి. మొత్తం రాశాక అంకెలను ఎడమనుంచి కుడికి గట్టిగా చదవండి. ఈ అలవాట్లు ట్యాబ్ మీద కూడా పెట్టుకుని చేస్తే అప్పుడు ఆ ట్యాబ్ పనికొస్తుంది. సీజన్ ఉరవడి తగ్గాక, పూట పనితో మొదలుపెట్టండి. యజమానికి సంగతి చెప్పి, మొదటి నెల మీ పట్టీలు ఇంకొకరు సరిచూసేలా మాట్లాడుకోండి. దాచిపెట్టి ఒక పెద్ద తప్పు చేయడంకన్నా అదే మేలు.

ప్రశ్న: ఒక సెంటర్‌లో 40 సిట్టింగులకు 60 వేలు అడుగుతున్నారు, జ్ఞాపకశక్తి గ్యారంటీ అంటున్నారు. (లబ్బీపేట, విజయవాడ)

జవాబు: గ్యారంటీ అన్నారంటే లేచి వచ్చేయొచ్చు. అయినా అడగదలిస్తే: పరీక్ష చేసేది ఎవరు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా, ఆ నంబరు ఎంత? ఏ పరీక్షలు? (బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల సంపుటికి మనవాళ్ల వయసు, చదువును బట్టి వేరువేరు ప్రమాణాలున్నాయి.) చివర్లో మళ్లీ అవే ప్రశ్నలా, వేరేవా? అవే అయితే జ్ఞాపకంతోనే మార్కులు పెరుగుతాయి. సిట్టింగ్‌లో మనిషి పక్కన ఉంటారా, ఆన్ చేసి వెళ్లిపోతారా? ఇంట్లో ఏ పని మెరుగవ్వాలని పెట్టుకున్నారు? ఈ చివరిదానికి తడుముకుంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ, విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రుల్లో గానీ న్యూరో, సైకియాట్రీ ఓపీల్లో ముందు అడిగి చూడండి.

ప్రశ్న: జ్ఞాపకశక్తికని సిటికోలిన్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నాం. సాధనతో పాటు కొనసాగించాలా? (గుడివాడ)

జవాబు: తల దెబ్బల మీద సిటికోలిన్‌ను 1,213 మందికి 90 రోజులు ఇచ్చి అమెరికాలో పరీక్షించారు. ఉత్తుత్తి మందుతో పోలిస్తే తేడా రాలేదని 2012లో ప్రకటించారు. రాసిన డాక్టరును ఈ మాట అడిగి నిర్ణయించుకోండి. ఫిట్స్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రశ్న: తమ్ముడికి తల దెబ్బ తరవాత రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. తెర చూస్తే మళ్లీ వస్తాయా? ఆటలో వేగం బాగుంది, బండి ఇవ్వొచ్చా? (మంగళగిరి)

జవాబు: తల దెబ్బవల్ల వచ్చే ఫిట్స్ ఎక్కువమందిలో తెర వెలుగుకు రావు. మాత్ర తప్పడం, నిద్ర చెడటం వల్లే ఎక్కువగా వస్తాయి. అందుకని నిద్ర సరిగా లేని మర్నాడు సాధన మానేయండి. గబగబా మినుకుమినుకుమనే ఆటలు వద్దు. బండి తాళం ఇవ్వకండి. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే రేపు బీమా దగ్గరా కోర్టు దగ్గరా మీకే చుట్టుకుంటుంది. ఆటలో వేలు కదిలిన వేగాన్ని చూసి హైవే మీద బ్రేక్ లెక్క వేయకూడదు.